ఆకాశపు వింతలు – దొరతనమువారి దస్త్రములు

వింతవార్తకు రెక్కలుండును, దాని సమాధానము మాత్రము కాలినడకను వచ్చును. "అమెరికా దొరతనమువారు ఇన్నాళ్ళు పెట్టెలలో దాచిన దస్త్రములను బయటపెట్టుచున్నారట, అన్యగ్రహములవారు మన భూమికి వచ్చిపోవు మాట నిజమేనట" అను వార్త చేతిఫోనులలో తిరిగి తిరిగి, సుల్తానుబజారులో గాజులు బేరమాడు వేళలందును, కోఠిలో బస్సుకొఱకు నిలుచుండు చోటులందును గూడ వినబడుచున్నది. కొందఱు సోదరీమణులు "సర్కారువారే కాగితమిచ్చిన తరువాత ఇంక సందేహమేల?" అందురు. మఱికొందఱు "సర్కారువారి మాట గనుకనే నమ్మరాదు" అందురు. ఈ రెండు మాటలును ఒండొంటికి విరుద్ధములుగా దోచినను రెండింటిలోని లోప మొక్కటియే. అది కాగితమును చదువకమునుపే తీర్పు చెప్పుట. కావున ఈ మాసమున ఆ కాగితములలో నేమున్నదో కొంచెము విచారింతము.

1947వ సంవత్సరము జూన్ 24వ తేదీన అమెరికాలో కెన్నెత్ ఆర్నాల్డ్ అను వైమానికుడు రైనియర్ పర్వతము చెంత తొమ్మిది మెఱయు వస్తువులు అతివేగముగా బోవుచుండగా జూచితినని చెప్పెను. పత్రికలవారు వానికి "ఎగిరెడి పళ్ళెములు" అని పేరు పెట్టిరి. అది మొదలు అట్టివి చూచితిమనువారి సంఖ్య పెరిగిపోయెను. అమెరికా వాయుసేనవారు 1952 మొదలు 1969 వఱకు "బ్లూ బుక్" అను పేర విచారణ నడపిరి. వారికి చేరిన సమాచారములు 12,618. వానిలో 701 మాత్రము ఇవి యేమియో తేలలేదు. తక్కిన 11,917 సంగతులకును నక్షత్రములు, గ్రహములు, బెలూనులు, విమానములు మొదలగు సామాన్యకారణములే చెప్పబడినవి. ఆ దస్త్రములిప్పుడు ఎవ్వరైనను చదువుకొనవచ్చును. ఫ్రాన్సు అంతరిక్షసంస్థవారు 2007లోను, ఇంగ్లండు రక్షణశాఖవారు 2008 మొదలు 2013 వఱకును తమ దస్త్రములను ప్రకటించిరి. 2020 ఏప్రిల్ మాసమున అమెరికా రక్షణశాఖవారు తమ నౌకాసేన విమానములనుండి తీసిన మూడు చలనచిత్రములను విడుదల చేసిరి. 2021 జూన్ మాసపు నివేదికలో 144 సంగతులు లెక్కింపబడగా, నిశ్చయముగా తేలినది ఒక్కటియే. అది గాలి తగ్గిపోవుచున్న యొక పెద్ద బెలూను! పిమ్మట, ఇందుకై ప్రత్యేకముగా ఏర్పఱచిన కార్యాలయమువారు 1945 మొదలుకొని జరిగిన విచారణలన్నిటిని తిరుగదోడి, అన్యలోకవాహనములకు సాక్ష్యమేదియు గానరాలేదని 2024 మార్చిలో ప్రకటించిరి.

ఇచ్చట నొక మాటను జాగ్రత్తగా పట్టుకొనవలెను. "గుర్తింపబడనిది" అనగా "ఇది యేమో మేమెఱుగము" అని మాత్రమే యర్థము. అర్ధరాత్రమున వంటయింటిలో గిన్నె పడిన చప్పుడగును. దీపము వేసి చూచునప్పటికి గిన్నె దొర్లియుండును గాని పిల్లి కానరాదు. పిల్లి కానరాలేదు గనుక దయ్యమే పడవేసినదని తెలివిగల యిల్లాలు తలపదు. ఎలుకయో, గాలియో, అంచున బెట్టిన తన తొందరపాటో యని యాలోచించును. ఏదియు తేలనిచో తేలలేదనుకొని పోయి పరుండును. బ్లూ బుక్ దస్త్రములోని 701 సంగతులును అట్టివే. గిన్నె పడినమాట నిజము, పిల్లిని చూడలేకపోయిరి. అంతకు మించి ఆ యంకె మనకేమియు చెప్పదు.

"ఏమియు లేనిచో ఇన్నేండ్లు దాచనేల?" అని యడుగవచ్చును. ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి సమాధానము ఆ దస్త్రములలోనే యున్నది. 1947 జులైలో రాస్వెల్ అను పట్టణము చెంత నొక పశువుల మేతభూమిలో కొన్ని తునకలు దొరకినవి. సైనికాధికారులు మొదట "ఎగిరెడి పళ్ళెము దొరకినది" అని చాటి, వెంటనే మాట మార్చి "వాతావరణపు బెలూను" అనిరి. రెండుమాటలు విన్న జనులు మూడవమాట యేదో దాచిరని తలచిరి. దాచినమాట నిజమే. రష్యావారి అణుపరీక్షల ధ్వనులను దూరమునుండి పసికట్టుటకై బెలూనుల వరుసలను పైకి బంపెడి "మొగల్" అను రహస్యకార్యమొకటి యప్పుడు నడచుచుండెను. ఆ తునకలు దానివేయని 1994లో వాయుసేనవారు తెలిపిరి. అట్లే 1955 ఆగస్టున యూ-2 అను గూఢచారివిమానము మొదటిసారి యెగిరెను. అది 60,000 అడుగులకు మించిన యెత్తున బోవును. ఆనాటి ప్రయాణవిమానములు పది యిరువది వేల అడుగులలోనే తిరుగుచుండెను. క్రింద చీకటిపడిన తరువాత గూడ అంత యెత్తున ఎండ తగిలి ఆ విమానపు రెక్కలు మెఱయుచుండగా, చూచినవారు విస్మయపడి వ్రాసి పంపిరి. అధికారులు అసలు సంగతి చెప్పలేక, మంచుపలుకులనియు, గాలిపొరల వేడిమిలోని భేదమనియు సాకులు చెప్పిరి. 1950వ దశాబ్దపు చివరను, 1960వ దశాబ్దమునను వచ్చిన సమాచారములలో సగమునకు పైగా ఇట్టి రహస్యవిమానములవలన గలిగినవేయని గూఢచారిశాఖవారి చరిత్రకారుడు 1997లో వ్రాసెను.

కావున మూత పెట్టినమాట నిజమే. మూతక్రింది వంటకము మాత్రము వేఱు. ఒకమాఱు బొంకినవారు "ఇదిగో, సర్వము చూపితిమి" అన్నప్పుడు "ఏది చూపలేదు?" అని యడుగుట తప్పుగాదు, పౌరధర్మమే. అయినను వారు బొంకిరని ఋజువైనంతనే మనము తలచినదే నిజమని ఋజువు గాదు. అత్తగారు పెట్టెకు తాళము వేసినంతమాత్రమున దానిలో వజ్రములున్నవని కోడలు నిశ్చయింపరాదు. పాత రసీదులే యుండవచ్చును గదా!

దస్త్రమనగా నేమో తెలిసికొనుటకు మనము అమెరికా దాక పోనక్కఱలేదు. కోఠి యనగా పెద్దమేడ యని యర్థము. మన కోఠిలోని ఆ మేడ పూర్వము ఇంగ్లీషు రెసిడెంటు నివాసము. 1924లో స్థాపింపబడిన మహిళాకళాశాల 1949లో దానిలోనికి వచ్చి, నేడు చాకలి ఐలమ్మ పేర విశ్వవిద్యాలయమైనది. ఆ మేడను గట్టించిన జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్ హైదరాబాదు కులీనకుటుంబమునకు జెందిన ఖైరున్నీసాబేగమును పెండ్లాడి, ఆ సంగతిని తన పై యధికారులకు తెలియనీయక చాలకాలము దాచెను. పుకారులు పుట్టగా పై యధికారులు రహస్యముగా విచారణ చేయించిరి. ఇన్నియు జరుగుచుండగా రెసిడెన్సీనుండి మామూలు జాబులు ముద్రలతో పోవుచునే యుండెను. ఆ జాబులను మాత్రమే చదివినవారికి ఆ యింటిలోని పెద్ద సంగతియే తెలియదు. ఏ దస్త్రమైనను ఎవరో యొకరు, ఎవరికో యొకరికి, ఏదో యొక ప్రయోజనమునకై వ్రాసినది. వ్రాసినవాడెవడు? ఎవరు చదువుదురని వ్రాసెను? ఏది విడిచెను? అని యడుగక, "సర్కారు కాగితము" అన్నంతనే కన్నుల కద్దుకొనుట చదువు అనిపించుకొనదు.

పైగా ముద్రయే దొంగముద్ర గావచ్చును. 1987లో అమెరికాలో "మెజెస్టిక్ పన్నెండు" అను పేర అత్యంతరహస్యమని వ్రాసియున్న కాగితములు కొన్ని బయలుపడినవి. అన్యలోకవాసుల సంగతి చూచుటకు 12 మంది పెద్దలతో నొక రహస్యసంఘము గలదని వానిలోని కథ. ఎఫ్.బీ.ఐ. వారు విచారించి, అవి యసత్యములని ఆ కాగితములమీదనే పెద్దయక్షరములతో వ్రాసిరి. అయినను నేటికిని వానిని నమ్మువారు కలరు. మనకేమి నష్టమని తలపవలదు. ఇప్పుడు మన యిండ్లలోనికి "డిజిటల్ అరెస్టు" అను పేర వచ్చుచున్న మోసము ఈ గుడ్డినమ్మకముమీదనే బ్రదుకుచున్నది. ఫోనులో పోలీసు ఉడుపుతో నొకడు కనబడును. న్యాయస్థానపు ముద్రగల కాగితమును పంపును. ఎవ్వరికిని చెప్పవలదని బెదరించి, యింటనున్న స్త్రీలచేతను, వృద్ధులచేతను జీవితకాలపు సొమ్మును పంపించుకొనును. చట్టములో నట్టి నిర్బంధమే లేదని ప్రధానమంత్రి 2024 అక్టోబరు 27వ తేదీ రేడియో ప్రసంగమున హెచ్చరించిరి. ఇట్టిది జరిగినచో వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేసి చెప్పవచ్చును. ముద్రను జూచి వణకక, సంగతిని ప్రశ్నించుట నేర్చినవారికి ఆకాశపు కథలయందును, ఆస్తి కాగితములయందును గూడ అదియే రక్ష.

సందేహించుమన్నామని, చూచినవారిని పరిహసింపరాదు. 2022 డిసెంబరు 7వ తేదీన వికారాబాదు జిల్లా మర్పల్లి మండలమందలి మొగిలిగుండ్ల గ్రామమున పొలములలో గుండ్రని పెద్ద యంత్రమొకటి దిగెను. ఊరివారు గుంపుగూడి వింతగా జూచిరి. విచారింపగా, అంతరిక్షపు అంచువఱకు యాత్రికులను గొనిపోదలచిన యొక స్పెయినుదేశపు సంస్థవారు, మన హైదరాబాదులోని టాటా మూలపరిశోధనసంస్థవారి బెలూనుకేంద్రమునుండి మనుష్యులు లేకుండ పరీక్షకై పంపిన గది యది. ఆ కేంద్రము 1969 నుండి ఇచ్చట నున్నది. దాని బెలూనులు 30 కిలోమీటరులకు మించిన యెత్తునకు బోవును. బెలూనులు వదలు కాలమున, పెట్టెలు పొలములలో పడవచ్చుననియు, వానిని ముట్టక పోలీసులకు తెలుపుడనియు ఆ కేంద్రమువారు ముందుగనే ప్రకటనలు చేయుచుందురు. రహస్యపు పెట్టెలో గాక, అందఱి యెదుటను సమాధానమున్నది. చదివినవారే తక్కువ.

లడఖ్ సరిహద్దున గూడ నిట్లే జరిగినది. 2012 ఆగస్టు మొదలు 2013 ఫిబ్రవరి వఱకు మన సైనికులు రాత్రులందు వెలుగుచుక్కలు కదలుటను 329 మాఱులు చూచి లెక్క వ్రాసిరనియు, చైనావారి గూఢచారియంత్రములేమోయని శంకించిరనియు వార్తాపత్రికలు ప్రకటించినవి. బెంగుళూరి ఖగోళశాస్త్రసంస్థ పండితులు పరిశీలించి అవి శుక్రుడు, బృహస్పతి యని తేల్చిరి. పలుచని గాలిగల ఆ యెత్తున గ్రహములు మిక్కిలి కాంతితో గనబడును. ఆ సైనికులు అబద్ధమాడలేదు. చూచినది నిజము, పెట్టిన పేరు తప్పు. వారు కాలమును, దిక్కును శ్రద్ధతో వ్రాసియుంచుటచేతనే సంగతి తేలినది. మొగిలిగుండ్ల రైతులును అట్లే నిజముగా కొత్తవస్తువును జూచిరి. సాక్షిని గౌరవించి సాక్ష్యమును పరీక్షించుటయే న్యాయము.

కావున ఇకముందు ఇట్టి దస్త్రము విడుదలయైనదను వార్త యింటికి వచ్చినప్పుడు నాలుగు ప్రశ్నలు వేయుడు. ఈ కాగితము నిజముగా ఏ కార్యాలయమునుండి వచ్చినది? చూచినవారెవరు, ఏ తేదీన, ఏ గంటకు, ఏ దిక్కున జూచిరి? కంటితో మాత్రమే చూచిరా, వేఱొక యంత్రము గూడ లెక్క కట్టినదా? "తేలలేదు" అని వ్రాసినదానిని మనకు చెప్పువారు "తేలినది" అని మార్చి చెప్పుచున్నారా? వార్తలనేకము ఈ నాలుగవ ప్రశ్నయొద్దనే వీగిపోవును. నల్లసిరా పూసి దాచిన పంక్తులున్నచో, అవి దాచబడినవని మాత్రము గుర్తుంచుకొనుడు. ఆ నలుపుమీద మన యూహలను వ్రాసికొనవలదు.

పిల్లలు భయపడి యడిగినచో కసరక, సాయంకాలమున డాబామీదికి గొనిపోయి, శుక్రగ్రహము కనబడు దినములలో దానిని చూపుడు. 1985లో నౌబత్ పహాడ్‌పై తెఱవబడిన బిర్లా నక్షత్రశాల మనకు దూరము గాదు. సుల్తానుబజారులోని శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము 1901లో వెలసినది గ్రంథములు చదువుట కొఱకే గదా!

తుదకొక్క మాట. దూరదేశపు దస్త్రములలో అన్యలోకవాసులను వెదకెడి మనము, మన పేటలోని ఆసుపత్రి మందుల లెక్కను, రేషనుదుకాణపు సరుకుల లెక్కను అడిగి చూచుచున్నామా? 2005వ సంవత్సరపు సమాచారహక్కు చట్టము స్త్రీలకును సమానముగ జెందినదే. కేంద్రకార్యాలయములకు 10 రూపాయల రుసుముతో నొక విన్నపము వ్రాసిన చాలును. సామాన్యముగా 30 దినములలో ప్రత్యుత్తరమీయవలెను. రాష్ట్రకార్యాలయములను గూడ ఆ చట్టము క్రిందనే యడుగవచ్చును. వచ్చిన ప్రత్యుత్తరమును గూడ పై నాలుగు ప్రశ్నల కన్నుతోనే చదువుడు. దాచినదానిని తెఱువుమని యడుగుట, తెఱచినదానిని శ్రద్ధగా జదువుట, తెలియనిదానిని తెలియదని యొప్పుకొనుట – ఈ మూడును ఇల్లు నడపు స్త్రీలు నిత్యము చేయు పనులే. వానిని దొరతనమువారి కాగితములకును వర్తింపజేయుదము.