నడక, మోకాలు, మన గృహములు

గృహకృత్యములలో మునిగియుండు స్త్రీ ఒక దినమున ఎన్ని యడుగులు వేయునో ఎవరును లెక్కించి చూడరు. తెల్లవారినది మొదలు వంటయింటినుండి పెరటికి, పెరటినుండి వీధివాకిటికి, మేడపైకి, అంగడికి, పిల్లల బడికి కాలు గాలిన పిల్లివలె తిరుగుచునే యుండును. అట్టి యామెకు మోకాలు నొచ్చినచో ఇల్లంతయు కుంటుపడును. అయినను ఆ నొప్పిని అందరికంటె కడపట పట్టించుకొనునది ఆమెయే. “వయసు వచ్చినది, చిప్పలరిగినవి, ఇంతే గదా” యని కొంత తైలము రాచుకొని మరల పొయ్యికడకు పోవును. అందుచేత ఈ మాసమున మోకాలిని గూర్చి ముచ్చటింపదలచితిమి. ఇది “ఇంతే గదా” యని విడిచిపెట్టవలసిన నొప్పి కాదు. తెలిసి నడచుకొన్నచో చాలవరకు తగ్గించుకొనదగినది.

ముందుగా నడక యనగా నేమో చూతము. నడకను శాస్త్రరీతిని పరిశీలించినవారిలో జర్మనీ దేశపు వేబరు సోదరులు ప్రసిద్ధులు. వారు 1836లో ఈ విషయమున నొక గ్రంథమును ప్రకటించిరి. కాలు గడియారపు లోలకమువలె తనంతట తానే ముందునకు ఊగునని వారు తలంచిరి. కండరములు చేయు పని వారనుకొన్నదానికంటె ఎక్కువయని తరువాతి పరిశోధనలవలన తేలినది. ఒక మడమ నేలకు తగిలినది మొదలు మరల నదే మడమ నేలను తాకువరకు గల కాలమును 100 పాళ్లుగా విభజించినచో, సుమారు 60 పాళ్లు ఆ పాదము నేలపైనను, 40 పాళ్లు గాలిలోను ఉండును. అడుగు మారునప్పుడు మాత్రము కొద్దిసేపు రెండు పాదములును నేలపై నుండును. తక్కిన వేళలయందు శరీరభారమంతయు ఒంటికాలిపైననే యుండునన్నమాట.

మడమ నేలకు తగిలినంతనే మోకాలు 15 మొదలు 20 డిగ్రీలవరకు వంగి, ఆ తాకిడిని తనలో నిముడ్చుకొనును. బండికి స్ప్రింగు చేయు పనినే ఇచ్చట మోకాలు చేయుచున్నది. కాలు గాలిలోనికి లేచినప్పుడు అది సుమారు 60 డిగ్రీలు వంగును. అట్లు వంగనిచో కాలివ్రేళ్లు నేలకు రాచుకొని తొట్రుపడుదుము. నొప్పికి భయపడి మోకాలిని కఱ్ఱవలె బిగబట్టి నడచువారు ప్రక్కకు ఒఱగుచు నడచుటకు కారణమిదియే. కొంతకాలమునకు వారి తుంటికిని నడుమునకును గూడ నొప్పి ప్రాకుట కలదు.

ఇక మోకాలి నిర్మాణము. పైన తొడ యెముక, క్రింద కాలి పెద్ద యెముక, ముందువైపున మోకాలిచిప్ప, ఈ మూడును కలియు చోటే మోకాలు. ఎముకల కొనలకు నున్నని మృదులాస్థి పూతవలె అమరియున్నది. తొడ యెముకకును కాలి యెముకకును నడుమ అర్ధచంద్రాకారమున రెండు మెత్తలు గలవు. ఎముకలు తొలగిపోకుండ ఇరుప్రక్కల రెండును, లోపల కత్తెరవలె పెనవైచుకొని రెండును గట్టి కట్లు ఉన్నవి. వీనినెల్ల కాపాడునది తొడముందరి పెద్ద కండ. అది బలముగా నున్నంతకాలము కీలునకు రక్ష.

మృదులాస్థిలో రక్తనాళములు లేవు. మరి దానికి ఆహార మెట్లు దొరకును? కీలులో ఊరు ద్రవమునుండియే దొరకును. కాలు మోపినప్పుడు మృదులాస్థి కొంచెము నొక్కుకొనును. కాలెత్తినప్పుడు మరల వదులై ఆ ద్రవమును పీల్చుకొనును. తడిగుడ్డను పిండి మరల నీట ముంచినట్లు ఈ క్రియ జరుగుచుండును. అందుచేత నడక మోకాలిని అరగదీయునని భయపడి మంచమునకు అంటుకొనిపోవుట పొరపాటు. కదలని కీలునకు తిండి తగ్గును, కండ కరగును, నొప్పి హెచ్చును.

అయితే మోకాలు మోయు బరువెంత? మన శరీరపు బరువే గదా యని తోచును. బెర్లిను నగరపు పరిశోధకులు కొందఱు రోగుల కమర్చిన కృత్రిమ మోకాలిలో భారమును కొలుచు పరికరము నిమిడ్చి, ఆ ఫలితములను 2010లో ప్రకటించిరి. సమతలమున నడచునప్పుడు మోకాలిపై శరీరభారమునకు సుమారు 2.6 రెట్లు, మెట్లెక్కునప్పుడు 3.2 రెట్లు, దిగునప్పుడు 3.5 రెట్లు ఒత్తిడి పడుచున్నదని తేలినది. శరీరభారమునకు తోడు కండరములు ఎముకలను బిగించి లాగుటయే ఇందుకు హేతువు. 60 కిలోల బరువుగల స్త్రీ మేడమెట్లు దిగుచుండగా అడుగడుగునను ఆమె మోకాలు 200 కిలోలకు పైగా మోయుచున్నది. మెట్లు దిగునప్పుడే నొప్పి హెచ్చుగా నున్నదని మన పెద్దలు చెప్పుట వట్టిమాట కాదు.

దీనినిబట్టి శరీరపు బరువు తగ్గించుకొనుటవలని లాభము తెలియును. స్థూలకాయులై మోకాలినొప్పితో బాధపడు వృద్ధులపై అమెరికాలో జరిగి 2005లో ప్రకటింపబడిన పరిశోధనలో, శరీరము ఒక కిలో తగ్గినచో అడుగడుగునను మోకాలిపై 4 కిలోల భారము తగ్గినదని కనుగొనిరి. 5 కిలోలు తగ్గినచో 20 కిలోలు తగ్గినట్లే. అదే దేశపు ఫ్రేమింగ్‌హామ్ పట్టణమున జరిగి 1992లో వెలువడిన పరిశీలన మఱియు ఆశాజనకమైనది. 10 సంవత్సరములలో సుమారు 5 కిలోలు తగ్గిన స్త్రీలకు మోకాలి అరుగుడు జబ్బు వచ్చు అవకాశము సగమునకు పైగా తగ్గినది. ఉపవాసములు చేసి నీరసింపుమని మేము చెప్పుట లేదు. రెండవ మారు వడ్డించుకొను అన్నము, పిల్లలు విడిచినవి పారవేయలేక తినుట, మాటిమాటికి పంచదార కాఫీ, వీనిని తగ్గించి కూరలు, పప్పు హెచ్చించినను చాలును.

బరువొక్కటే కారణము కాదు. బీజింగు నగరమున 60 ఏండ్లు దాటిన స్త్రీలను ఫ్రేమింగ్‌హామ్ స్త్రీలతో పోల్చి 2001లో వైద్యులు ఒక వింత కనుగొనిరి. బీజింగు స్త్రీలు సన్నని దేహముగలవారే యైనను వారిలోనే మోకాలి అరుగుడు ఎక్కువగా నున్నది. యౌవనమున ప్రతిదినము చాలసేపు గొంతుకూర్చుండు అలవాటు ఇందుకొక కారణమని 2004లో తేల్చిరి. ఇది మనము చెవినిడవలసిన మాట. కత్తిపీట ముందు, బట్టలుదుకు బండకడ, అంట్లు తోము చోట, అలుకునప్పుడు, తుడుచునప్పుడు మన స్త్రీలు గంటలకొలది మోకాళ్లు ముడుచుకొనియే యుందురు. నేలపై కూర్చుండుటయే తప్పని యనము. కీలు మెత్తగా వంగుట మంచిదే. కాని లేవకుండ గంటలకొలది ముడుచుకొనియుండుటయు, నొచ్చుచున్న మోకాలితో అట్లే కొనసాగించుటయు హానికరము.

మోకాలినొప్పులన్నియు ఒక్క జాతివి కావు. సాధారణముగా 50 ఏండ్లు దాటిన పిమ్మట వచ్చునది ఆస్టియో ఆర్థ్రైటిస్ అను అరుగుడు జబ్బు. ఇది పురుషులకంటె స్త్రీలకు అధికము. పని చేసినకొలది నొప్పి హెచ్చి విశ్రాంతిచే తగ్గును. ఉదయమున లేవగానే కీలు పట్టుకొన్నను అరగంటలోపల సడలును. రుమటాయిడ్ అను కీళ్లవాపు జబ్బు వేఱు. అందు ఉదయపు బిగుతు గంటకు పైబడి యుండును, చేతివ్రేళ్ల చిన్న కీళ్లు ఇరువైపుల వాచును, చిన్నవయసువారికిని రావచ్చును. దీనికి వేళకు వైద్యము చేయనిచో కీళ్లు వికారమగును గనుక ఆలస్యము పనికిరాదు. పడుచువారికి మెట్లెక్కునప్పుడును, చాలసేపు కూర్చుండి లేచునప్పుడును చిప్పవెనుక నొప్పి వచ్చుట కలదు. తొడకండను బలపఱచినచో ఇది చాలవరకు నెమ్మదించును. కాలు మెలిపడి పిమ్మట మోకాలు మధ్యమధ్య పట్టుకొనిపోయినచో లోపలి మెత్త చిరిగియుండవచ్చును. మోకాళ్లపై నిలిచి నేల తుడుచువారికి చిప్పపైని సంచి వాచుట మరియొకటి; ఆంగ్లేయులు దీనికి పనికత్తె మోకాలని పేరే పెట్టిరి. నొప్పి, వాపు లేకుండ మోకాలు టపటపలాడుట మాత్రము జబ్బు కాదు.

మన ప్రాంతమున మరియొక కారణము గలదు, అది త్రాగునీరు. నీటిలో ఫ్లోరైడు మితిమీరినచో ఎముకలు చెడునని నెల్లూరు జిల్లాలోని రోగులను చూచి వైద్యులు 1937లోనే ప్రకటించిరి. ఫ్లోరైడు పీడిత ప్రాంతముల బాలురకు మోకాళ్లు లోనికి వంగి ఒకదానితో నొకటి రాచుకొను వికారము కలుగుచున్నదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 1973లో తెలిపిరి. నల్లగొండ సీమలో ఎన్నో గ్రామములు ఈ బాధ ననుభవించినవి. అట్టి చోట్ల బావినీటినిగాని బోరునీటినిగాని పరీక్ష చేయించి త్రాగుట తల్లుల విధి.

ఇక చేయవలసిన పనులు. మొదటిది నడకయే. నొప్పి యున్నవారు దినమునకు 10 నిమిషములతో మొదలిడి మెల్లగా హెచ్చింపవచ్చును. రెండవది తొడకండకు బలము. వెల్లకిల పరుండి, ఒక మోకాలిని వంచియుంచి, రెండవ కాలిని తిన్నగా జానెడెత్తు లేపి, 5 లెక్కించువరకు నిలిపి దింపవలెను. ఒక్కొక్క కాలికి 10 మారులు చేయవలెను. అట్లే కుర్చీనుండి చేతి ఊతలేకుండ లేచి కూర్చుండుట 10 మారులు. నొప్పి మఱునాటివరకు నిలిచినచో తగ్గించి చేయవలెను గాని మానరాదు. చేతికఱ్ఱ పట్టువారు దానిని నొప్పిలేని వైపు చేతనే పట్టవలెను. మెట్లెక్కునప్పుడు మంచి కాలు ముందు, దిగునప్పుడు నొప్పికాలు ముందు. ఎత్తుమడమల చెప్పులు మోకాలికి శత్రువులు.

మూడవది ఇంటిలోని యమరిక. కత్తిపీటను బల్లమీదికిగాని, అంత యెత్తున కత్తిని పలకనుగాని తెచ్చుకొనుడు. పొడుగుపిడి తుడుపుకఱ్ఱ, ఎత్తుపీట, మరుగుదొడ్డిలో పట్టుకొనుటకొక కమ్మి, ఇవి పెద్ద ఖర్చులు కావు. నిత్యము వాడు సామానులను నేలనుండి నడుమెత్తున కెక్కించిన యెడల ఎన్ని వంగుళ్లో తగ్గును.

మందుల విషయమున కొంత హెచ్చరిక యవసరము. తైలమర్దనము, కాపడము బిగిసిన కండలకు హాయినిచ్చును. అరిగిన మృదులాస్థిని మరల పెంచవు. గుజ్జు పెంచునని యమ్ము గ్లూకోసమైను మాత్రలు, అమెరికాలో 1,500 మందికి పైగా రోగులపై జరిగి 2006లో ప్రకటింపబడిన పరీక్షలో, మొత్తముమీద ఉత్తుత్తి మాత్రలకంటె మెఱుగనిపింపలేదు. అంగడిలో చెప్పి తెచ్చుకొను నొప్పిమాత్రలను నెలలకొలది మ్రింగినచో కడుపునకును మూత్రపిండములకును చేటు. పేరులేని పొడుములలో స్టిరాయిడ్లు కలిసియుండవచ్చును. ఏ యుపాయమునకును లొంగక రాత్రులు నిద్రపట్టనీయని నొప్పికి కీలుమార్పిడి శస్త్రచికిత్స గలదు. అది వైద్యునితో నాలోచించి నిర్ణయించుకొనవలసినది, వట్టి ఛాయాపటము చూచి తొందరపడవలసినది కాదు.

మోకాలు ఎఱ్ఱనై వేడెక్కి జ్వరము తోడైనను, పడిన పిమ్మట కాలు మోపలేకున్నను, కీలు చాపుటకు వీలుగాక పట్టుకొనిపోయినను, పిక్క వాచి నొచ్చినను ఆ దినముననే వైద్యునికి చూపవలెను.

కడపటి మాట ఇంటిలోని తక్కినవారికి. ఆమె కుంటుచు నీళ్లబిందె మోసి తెచ్చుచుండగా చూచుచు కూర్చుండి, రాత్రి “తైలము రాచుకొంటివా?” యని యడిగినందువలన ప్రయోజనము లేదు. బిందెను ఆమె చేతినుండి యందుకొనుడు. నేల తుడుచుట, బట్టలుదుకుట మగపిల్లలకును నేర్పుడు. ఆమె ఉదయము అరగంట నడచి వచ్చుటకు ఇంటి పని ఆగునన్నచో, ఆ అరగంట పనిని మఱియొకరు చేయుడు. సోదరీమణులారా, మీరును ఆ అరగంటను అడిగి తీసికొనుడు. సిగ్గుపడవలసిన కోరిక కాదది. వచ్చు సంచికలో నడుమునొప్పిని గూర్చి వ్రాయుదుము.