ముందు ఆగే చోటు, ఆ తర్వాతే బండి



బయట మంచు కుప్పలు ఇంకా అలాగే ఉన్నాయి. అయినా మన గ్రూపుల్లో అప్పుడే జూలై కబుర్లు మొదలయ్యాయి. "అత్తయ్యగారూ మామయ్యగారూ వస్తున్నారు, ఆర్వీ తీసుకుని రాకీ పర్వతాలు చూపిద్దామనుకుంటున్నాం. ఎంత పొడుగు బండి తీసుకోమంటారు?" అని ఈ నెలలోనే చాలామంది అడిగారు. అందుకే ఈసారి మన 'ప్రయాణాల మూట'లో ఆ సంగతే విప్పుకుందాం.

అందరూ బండి గురించే అడుగుతున్నారు. నన్నడిగితే బండి సంగతి తర్వాత. ముందు మీతో వచ్చేవాళ్ళ పేర్లు ఒక కాగితం మీద రాయండి. ఒక్కొక్కరి పక్కన వాళ్ళకి రాత్రిపూట ఏం కావాలో రాయండి. ఇన్సులిన్, నిద్రలో పెట్టుకునే సీపాప్ మిషను, మోకాళ్ళ నొప్పి, రాత్రి మూడుసార్లు బాత్రూమ్‌కి లేవడం, పసివాడి పాలసీసా, అన్నీ రాయండి. చివర్లో మీ పేరు కూడా రాయడం మర్చిపోకండి. దాని సంగతి తర్వాత చెప్తాను. ఆ కాగితాన్ని బట్టి క్యాంప్‌గ్రౌండ్ ఎంచుకోండి, క్యాంప్‌గ్రౌండ్‌ని బట్టి బండి ఎంచుకోండి. నేను నర్సుని కాబట్టి నా కన్ను ముందు మందుల సంచి మీదకే పోతుంది, ఏమనుకోకండి.

హుకప్ అంటే ఏంటి, ఎందుకంత ముఖ్యం?

క్యాంప్‌గ్రౌండ్ పేజీ తెరవగానే 'ఫుల్ హుకప్', 'ఎలక్ట్రికల్', 'అన్‌సర్వీస్డ్' అని మూడు రకాలు కనబడతాయి. ఫుల్ హుకప్ అంటే మన బండి ఆగిన చోటే కరెంటు, నీళ్ళు, మురుగు పోయే గొట్టం మూడూ ఉంటాయి. ఎలక్ట్రికల్ అంటే కరెంటు మాత్రమే. అన్‌సర్వీస్డ్ అంటే చెట్టూ, బల్లా, ఆకాశం. ఇక బండిలో ఉన్న బ్యాటరీ, నీళ్ళ ట్యాంకే దిక్కు.

సీపాప్ వాడే మామయ్యగారు ఉంటే కరెంటు లేని సైటు వద్దే వద్దు. బండిలో ప్లగ్గులు కనిపిస్తాయి కదా అనుకుంటాం, కానీ బయటి కరెంటు గానీ జెనరేటర్ గానీ లేకపోతే చాలా అద్దె బండ్లలో ఆ ప్లగ్గులు పనిచెయ్యవు. జెనరేటర్ని రాత్రంతా నడపనివ్వరు. బాన్ఫ్ పార్కులో రాత్రి 11 నుంచి పొద్దున 7 వరకూ చప్పుడు చెయ్యకూడని వేళలు. ఇన్సులిన్‌కి మాత్రం భయం లేదు, ఆర్వీ ఫ్రిజ్‌లు చాలావరకు ప్రొపేన్ గ్యాస్ మీద కూడా నడుస్తాయి. బండి తీసుకునేటప్పుడే అది ఎలా మార్చాలో దగ్గరుండి చూపించమనండి. ఇన్సులిన్‌ని ఫ్రీజర్ గోడకి ఆనించి పెట్టకండి, గడ్డకట్టిందంటే ఇక పనికిరాదు.

ఆరుగురు మనుషులు, రెండుపూటలా అన్నం, బియ్యం కడిగిన నీళ్ళు, పప్పు గిన్నె, స్నానాలు. మన వాడకానికి ఆ మురుగునీళ్ళ ట్యాంకు చూస్తూ చూస్తూ నిండిపోతుంది. ఫుల్ హుకప్ ఉంటే ఆ గొడవ లేదు. లేకపోతే బండిని కదిపి, శానీ-డంప్ అనే చోటికి వెళ్ళి, వరసలో నిలబడి ఖాళీ చేసుకుని రావాలి. పెద్దవాళ్ళతో మొదటిసారి వెళ్ళేవాళ్ళకి ఆ పని పెట్టుకోవద్దని నా సలహా.

మొదటిసారికి ఒక మంచి దారి

కాల్గరీ వైపు వాళ్ళకి చెప్తాను. కాల్గరీ నుంచి బాన్ఫ్ సుమారు 130 కిలోమీటర్లు, అక్కడి నుంచి లేక్ లూయీస్ ఇంకో 60. మొదటి ట్రిప్‌కి ఈ దూరం చాలు. బాన్ఫ్‌లో మూడు రాత్రులు, లేక్ లూయీస్‌లో రెండు రాత్రులు, తిరిగి ఇంటికి. "అంత డబ్బు పోసి బండి తీసుకుని ఇంతేనా?" అని మావారిలాంటి వాళ్ళు అంటారు. అననివ్వండి. రోజూ ఊరు మారితే రోజూ గొట్టాలు తగిలించడం, విప్పడం, గిన్నెలు దొర్లకుండా సర్దడం. కొండలు చూడ్డానికి మిగిలేది సాయంత్రం గంటన్నర.

బాన్ఫ్‌లో టన్నెల్ మౌంటెన్ మీద పక్కపక్కనే మూడు క్యాంప్‌గ్రౌండ్లు ఉన్నాయి. ట్రైలర్ కోర్ట్ అనేదాంట్లో ఫుల్ హుకప్. విలేజ్ 2 లో కరెంటు ఉంటుంది. విలేజ్ 1 లో ఏమీ ఉండవు, కానీ చెట్ల నీడ ఉంటుంది, సాయంత్రం మంట వేసుకోవచ్చు. ట్రైలర్ కోర్ట్‌లో బండ్లన్నీ వరసగా నిలబడి ఉంటాయి, సైటు దగ్గర మంట వేసుకునే గుంత ఉండదు. పిల్లలు మార్ష్‌మాలో కాల్చాలని గోల చేస్తారు, నిజమే. కానీ పెద్దవాళ్ళకి రాత్రి వేడి నీళ్ళు ముఖ్యమా, పిల్లలకి మంట ముఖ్యమా అన్నది మీ కాగితం చూస్తే మీకే తెలుస్తుంది.

ఇంకో సుఖం ఏంటంటే, అక్కడి నుంచి బాన్ఫ్ ఊళ్ళోకి రోమ్ బస్సు ఉంది. బండిని అక్కడే వదిలేసి బస్సెక్కి వెళ్ళొచ్చు. 28 అడుగుల బండికి ఊళ్ళో పార్కింగ్ వెతకడం కంటే మామయ్యగారికి సంబంధం వెతకడం తేలిక!

లేక్ లూయీస్‌లో గట్టి గోడలున్న బండ్లకి ఒక క్యాంప్‌గ్రౌండ్, గుడారాలకి ఇంకొకటి. గుడారాల వైపు చుట్టూ కరెంటు కంచె ఉంటుంది, ఎలుగుబంట్లు రాకుండా. బండ్ల వైపు కరెంటు సైట్లు ఉంటాయి. పక్కనే రైలు పట్టాలు, రాత్రిపూట కూతలు వినిపిస్తాయి. నిద్ర పట్టని వాళ్ళుంటే చెవుల్లో పెట్టుకునే దూది తీసుకెళ్ళండి. మొరెయిన్ లేక్‌కి 2023 నుంచి సొంత బండ్లు వెళ్ళనివ్వడం లేదు, షటిల్ సీటు ముందే బుక్ చేసుకోవాలి.

ఐస్‌ఫీల్డ్స్ పార్క్‌వే గురించి అందరూ ఊరిస్తారు. లేక్ లూయీస్ నుంచి జాస్పర్ దాకా సుమారు 230 కిలోమీటర్లు. నిజంగానే అందం. కానీ ఆ దారిలో ఎక్కువ భాగం ఫోన్ పనిచెయ్యదు, పెట్రోల్ మధ్యలో సస్కాచువాన్ రివర్ క్రాసింగ్ దగ్గరే, అదీ చలికాలంలో మూసేస్తారు. దారి 2,000 మీటర్ల ఎత్తు దాటుతుంది. గుండె, ఊపిరితిత్తుల ఇబ్బంది ఉన్నవాళ్ళని తీసుకెళ్ళేముందు డాక్టర్ని ఒక మాట అడగండి. బాన్ఫ్‌లో ఆస్పత్రి ఉంది, జాస్పర్‌లో ఉంది, మధ్యలో లేదు. ఆ దారిని రెండో ట్రిప్‌కి అట్టేపెట్టుకోండి.

ఎప్పుడు బుక్ చెయ్యాలి?

ఇప్పుడే. నేషనల్ పార్కుల బుకింగ్ తేదీలు ఏడాది మొదట్లోనే చెప్పేస్తారు, ఒక్కో పార్కుకి ఒక్కో రోజు. జూలై శనివారాలు చూస్తుండగానే అయిపోతాయి. ముందురోజే ఖాతా తెరిచి, బండి పొడుగు, తేదీలు రాసి పెట్టుకుని, ఇంట్లో ఇద్దరు ఇద్దరి ఫోన్లలో కూర్చోండి. ఆదివారం నుంచి గురువారం మధ్యలో తేదీలు పెట్టుకుంటే దొరికే అవకాశం ఎక్కువ. ఆల్బర్టా ప్రొవిన్షియల్ పార్కులకి 90 రోజుల ముందు తెరుస్తారు, నేషనల్ పార్కులో దొరకనివాళ్ళకి కననాస్కిస్ వైపు అది మంచి దారి. ఒక్కటి గుర్తుంచుకోండి, పార్కులోకి వెళ్ళే పాస్ వేరు, సైటు అద్దె వేరు. ఏమీ దొరకలేదని పార్కింగ్ స్థలంలో పడుకుంటామంటే నేషనల్ పార్కుల్లో కుదరదు, జరిమానా వేస్తారు.

సైటు ఖాయమయ్యాక అది ఎన్ని అడుగుల బండికి సరిపోతుందో చూసి, అప్పుడు బండి తీసుకోండి. 'పుల్-త్రూ' అని ఉంటే నేరుగా వెళ్ళి నేరుగా బయటికి రావచ్చు, వెనక్కి నడపక్కర్లేదు.

బండి అద్దె అడిగేటప్పుడు

"ఆరుగురు పడుకోవచ్చు" అంటే ఆరుగురు ప్రయాణం చెయ్యొచ్చని కాదు. సీటు బెల్టులు ఎన్ని అని అడగండి. బండి నడుస్తుంటే అత్తయ్యగారు వెనక మంచం మీద నడుం వాల్చడం, మీరు లేచి టీ పెట్టడం కుదరదు. పిల్లల కార్ సీటు ఏ సీటుకి బిగించొచ్చో కూడా అడగండి. డ్రైవర్ నెత్తి మీద ఉండే మంచం ఎక్కడానికి నిచ్చెన ఉంటుంది, అది పిల్లలకి. పెద్దవాళ్ళకి బాత్రూమ్‌కి దగ్గర మంచం. గుమ్మం మెట్లు ఎత్తుగా ఉంటాయి, ఎక్కడానికి పట్టుకునే కమ్మీ ఉందో లేదో చూడండి. ధర అడిగేటప్పుడు రోజు అద్దెతో ఆగకండి. కిలోమీటర్లకి ఎంత, గిన్నెలూ దుప్పట్లకి ఎంత, ఇన్సూరెన్స్‌కి ఎంత, జెనరేటర్‌కి ఎంత, మొత్తం కలిపి అడగండి.

విజిటర్ ఇన్సూరెన్స్ కాగితం కూడా ఒకసారి తీసి చదవండి. పాత జబ్బులకి వర్తిస్తుందా, వేరే ప్రావిన్స్‌కి వెళ్తే పనిచేస్తుందా, అంబులెన్స్ ఖర్చు ఇస్తారా, ఈ మూడూ తెలియాలి.

నాలుగు మెతుకుల అలవాటు

మనవాళ్ళకి తిన్నాక పక్షులకి నాలుగు మెతుకులు వేసే అలవాటు. అది పుణ్యమే, కానీ ఇక్కడ కాదు. నేషనల్ పార్కులో జంతువులకి తిండి పెడితే 25,000 డాలర్ల వరకూ జరిమానా ఉండొచ్చు. అంతకన్నా పెద్ద సంగతి, మనుషుల తిండి రుచి మరిగిన ఎలుగుబంటి మళ్ళీ మళ్ళీ వస్తుంది, చివరికి దాన్ని చంపేయాల్సి వస్తుంది. కాబట్టి మీరు నిద్రపోయేటప్పుడు, బయటికి వెళ్ళేటప్పుడు బల్ల మీద ఏమీ ఉండకూడదు. కుక్కరు, కూలరు, ఖాళీ టీ కప్పు, గిన్నెల సబ్బు, అన్నీ లోపలికి. గిన్నెలు కడిగిన నీళ్ళు చెట్టు మొదట్లో పారబొయ్యకండి. ఇవన్నీ అత్తయ్యగారికి బయల్దేరకముందే, ఇంట్లోనే నెమ్మదిగా చెప్పండి. అక్కడ నలుగురిలో చెప్తే చిన్నబుచ్చుకుంటారు.

పొగ వస్తే?

2024 జూలైలో జాస్పర్‌లో కార్చిచ్చు వచ్చినప్పుడు పార్కులో ఉన్న దాదాపు 25,000 మందిని రాత్రికి రాత్రి ఖాళీ చేయించారు. ఊళ్ళో సుమారు మూడోవంతు కట్టడాలు కాలిపోయాయి. భయపెట్టడానికి చెప్పడం లేదు. పెట్రోల్ ఎప్పుడూ సగం పైనే ఉంచండి. అందరి మందులు, పాస్‌పోర్టులు, ఇన్సూరెన్స్ కాగితం ఒకే సంచిలో, గుమ్మం పక్కనే పెట్టండి. మందుల పేర్లు, మోతాదులు ఇంగ్లీషులో ఒక కాగితం మీద రాసి అందులోనే వెయ్యండి. ఆస్పత్రిలో మేము మొదట అడిగేది అదే, చాలామంది "తెల్ల మాత్ర, పొద్దున వేసుకుంటారు" అంటారు. ఆస్తమా ఉన్నవాళ్ళుంటే ఆగస్టు కంటే జూలై మొదటి భాగం మేలు. అప్పుడు కూడా రాత్రిళ్ళు బాన్ఫ్‌లో 7 డిగ్రీల దాకా దిగుతుంది. విజయవాడ నుంచి వచ్చినవాళ్ళకి అది మాఘమాసం కంటే ఎక్కువ. స్వెట్టర్లు, సాక్సులు, మంకీ క్యాపు.

ఇక కాగితంలో చివరి పేరు

మీ పేరు పక్కన ఏం రాశారు? చాలామంది ఖాళీగా వదిలేసి ఉంటారు. ఆర్వీ అంటే మన వంటిల్లే చక్రాలెక్కడం. ఇంట్లో నాలుగు పొయ్యిలుంటే అక్కడ రెండో మూడో ఉంటాయి. పోపు పెట్టగానే పొగ అలారం కూస్తుంది. అందరూ సరస్సు దగ్గర ఫొటోలు దిగుతుంటే మీరు మూడడుగుల గట్టు దగ్గర నిలబడి చపాతీలు కాలుస్తుంటే, ఆ సెలవు ఎవరికి?

అందుకే బయల్దేరకముందే పనులు పంచండి. నీళ్ళు, కరెంటు, మురుగు గొట్టాలు మగవాళ్ళవి. గిన్నెలు పిల్లలవి. పులిహోర పులుసు, చింతకాయ పచ్చడి, కారప్పొడులు ఇంట్లోనే చేసి పెట్టుకోండి. రెండు రోజుల కూరలు ఫ్రీజర్లోంచి పట్టుకెళ్ళండి. రోజుకి ఒక్కపూటే పొయ్యి, రెండోపూట బ్రెడ్డో పెరుగన్నమో. అత్తయ్యగారు ఏమైనా అనుకుంటారేమో అని భయపడకండి. ఆవిడ కూడా జీవితమంతా ప్రయాణాల్లో వండిపెట్టిన మనిషే. "ఈసారి మనిద్దరం పొద్దున్నే కాఫీ పట్టుకుని సరస్సు దగ్గర కూర్చుందాం అత్తయ్యా" అని చెప్పి చూడండి. ఆ మాట ఆవిడతో ఇప్పటిదాకా ఎవరూ అని ఉండరు.

వ్యాంకూవర్, సర్రే వైపు వాళ్ళు ఒకానగన్ సరస్సుల దగ్గర క్యాంప్‌గ్రౌండ్ల గురించి మీ అనుభవాలు వాయిస్ మెసేజ్ పెట్టినా సరే, పంపండి. వచ్చే నెల మూటలో విప్పుకుందాం. అప్పటిదాకా కాగితం రాయడం మొదలుపెట్టండి, చివరి పేరు మర్చిపోకుండా.