టైరు మచ్చ, జీతం కోత



నేత పని చేసినోడికి లారీ టైర్లతో ఏం పని అంటారేమో. మన హెబ్బగోడి ఉండేదే హోసూరు రోడ్డు మీద. పక్కన బొమ్మసంద్ర, ముందుకు పోతే అత్తిబెలె, ఆపైన హోసూరు. మన ఇండ్లల్లో మగ్గం వదిలి స్టీరింగు పట్టిన పిల్లకాయలు ఉన్నారు. "టైరు చదును పడిందని ఓనరు జీతంలో కోసినాడు" అనే మాట వాళ్ళ నోట తరచు వింటాం. కోత న్యాయమా కాదా అని తేలాలంటే, ముందు టైరు ఎట్ల చదును పడుతుందో తెలియాల.

అది రెండు రకాలు. ఒకటి నిలబడి పడేది, ఒకటి ఈడ్చుకుపోయి పడేది.

మొదటిది మన పనికి దగ్గరిది. టైరంటే వట్టి రబ్బరు కాదు, లోపల బట్ట ఉంటుంది. నైలాన్ టైరులో పడుగు దట్టంగా, లావు దారాలతో ఉంటుంది. పేక మాత్రం పలచగా, పడుగు చెదరకుండా పట్టుకునేంత వరకే. నైలాన్ గుణం మనకు కొత్త కాదు. వేడి మీద మడిచి చల్లారనిస్తే మడత నిలిచిపోతుంది, మళ్ళీ వేడి తగిలితే సడలుతుంది. దూరం నుంచి లోడుతో వచ్చిన లారీ వేడి టైర్లతో నిలబడితే, నేలకు ఆనిన చోటు అణిగి అట్లే చల్లారుతుంది. పొద్దున కదిలిస్తే బండి దడదడమంటుంది. కొంతదూరం మెల్లగా నడిపితే, టైరు వేడెక్కి చాలావరకు సర్దుకుంటుంది. ఇనుప తీగల రేడియల్ టైర్లకు ఈ బాధ తక్కువ.

వారాల తరబడి నిలబడితే మాత్రం, అందులోనూ గాలి తక్కువుంటే, చదును పూర్తిగా పోకపోవచ్చు. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు లారీలు ఎక్కడివక్కడ నిలిచిపోయినాయి కదా, అట్లాంటప్పుడన్నమాట. బండి చాలా రోజులు నిలపాల్సి వస్తే లోడు దించండి, గాలి సరిగ్గా పెట్టండి, వారానికొకసారి చక్రం అర చుట్టు తిరిగేంత జరపండి.

రెండోది బ్రేకు పట్టేసి, చక్రం తిరగక రోడ్డు మీద ఈడ్చుకుపోయినప్పుడు వస్తుంది. రబ్బరు అక్కడికక్కడే అరిగిపోతుంది. అది తిరిగి రాదు. ఖాళీ బండికి వెనక బరువు ఉండదు కాబట్టి వెనక చక్రాలు తొందరగా పట్టేస్తాయి. ధర్మపురి దాటినాక తొప్పూరు ఘాటు దిగుడు లాంటి చోట గేరు తగ్గించకుండా బ్రేకు మీదే దిగితే ప్రమాదం. ఎయిరు పూర్తిగా నిండకముందే, పార్కింగు బ్రేకు వదలకముందే బండి లాగినా టైరు ఈడుస్తుంది. అన్ని చక్రాలకు బ్రేకు సెట్టింగు ఒకటిగా లేకపోయినా ఒక చక్రం ముందు పట్టేస్తుంది. చక్రం పట్టేయకుండా చూసే ఏబీఎస్‌ను 2015 నుంచి పెద్ద లారీలకు తప్పనిసరి చేసినారు. అది చెడిపోయి దీపం వెలుగుతున్నా పట్టించుకోకుండా బండి పంపిస్తే, ఆ పూచీ డ్రైవరుది ఎట్లయితుంది?

గుర్తు పట్టేది సులభం. చేత్తో తడమండి. బటన్ లోతు చుట్టూ ఒకే తీరుగా ఉంటే అది నిలబడి పడిన చదును. ఒక్కచోట అరచేయంత మేర నున్నగా ఉంటే ఈడ్చిన మచ్చ. జోడు టైర్లలో లోపలిది కూడా చూడండి, అది కంటికి కనపడదు. మచ్చలో దారం గానీ తీగ గానీ బయటపడి ఉంటే ఆ టైరు ఇంక ఒక్క ట్రిప్పు కూడా పనికిరాదు. అది పేలితే పోయేది టైరు డబ్బు ఒకటే కాదు.

ఇప్పుడు జీతం మాట. మిల్లులో బట్టలో తప్పు పడితే కోత పెట్టేవాళ్ళు. మిషను తప్పా, మనిషి తప్పా అని అడగకుండా కోస్తే మనం ఒప్పుకునేవాళ్ళం కాదు. 1936 నాటి జీతాల చెల్లింపు చట్టంలో ఒక మాట ఉండేది: నష్టానికి కోయాలంటే అది పనివాడి నిర్లక్ష్యం వల్ల జరిగుండాల, కోసేముందు అతని మాట వినాల. 2019 వేతనాల కోడులో కూడా ఈ మాట ఉంది.

అందుకే పిల్లకాయలకు చెప్పండి. బండి తీసుకునే ముందే టైర్లన్నీ ఫోనులో ఫోటో తీసుకోవాల. బ్రేకు సరిగ్గా లేకపోతే నోటితో చెప్పి ఊరుకోకుండా ఓనరుకు మెసేజి పెట్టాల. ఆ మెసేజి, ఫోటోలు కోత లెక్క పూర్తిగా తీరేదాకా తుడిపేయొద్దు. ఇంట్లో వాళ్ళ ఫోనుకు కూడా ఒకటి పంపి పెట్టుకుంటే ఇంకా మేలు.