విరిగిన ముక్కల అర

కిందటి ఉగాది వేడుకకు వేదిక అలంకరణ చేయడానికి మేము నలుగురు తల్లిదండ్రులం ఒక గరాజ్‌లో చేరాం. టేపు చివరి కొక్కెం వంగిపోయి ఉంది. పది సెంటీమీటర్ల గీత దగ్గర నుంచి కొలుద్దామనుకున్నాం. కొలిచాం గానీ, చివర ఆ పది కలపడం మరిచాం. కోశాక చూస్తే నాలుగు చెక్కలూ పది సెంటీమీటర్లు పొట్టి! అందరం కలిసి టేపును తిట్టి, చెక్కలను ఎవరి కంటా పడకుండా మూలకు తోశాం. అక్కడే ఆడుకుంటున్న ఒక బాబు "ఎందుకు దాస్తున్నారు అంకుల్?" అని అడిగాడు. ఎవరమూ జవాబు చెప్పలేకపోయాం.

మనం ఉంటున్న ఈ దేశంలోనే, ఇన్వర్‌కార్గిల్‌లో, తప్పులను దాచని మనిషి ఒకాయన ఉండేవారు. పేరు బర్ట్ మన్రో. ఆయన మీద 2005లో సినిమా కూడా వచ్చింది. సినిమా పేరులో 'ఇండియన్' అని చూసి మనవాడే అనుకున్న పిల్లలున్నారు. అది ఆయన మోటార్‌సైకిల్ కంపెనీ పేరు! 1920లో కొన్న ఆ బండికి మార్పులు చేస్తూ ఆయన దశాబ్దాలు గడిపారు. పాత డబ్బాలను అచ్చులుగా పెట్టి, లోహం కరిగించి పోసి, పిస్టన్లు ఇంట్లోనే తయారు చేసుకునేవారు. ఎన్నో పగిలాయి, విరిగాయి. వాటిని పారేయకుండా షెడ్డులో అరల మీద పేర్చి, 'వేగ దేవతకు నైవేద్యాలు' అనే అర్థం వచ్చేలా రాసి పెట్టుకున్నారు. 1967లో, 68 ఏళ్ల వయసులో, అమెరికాలోని బోన్‌విల్ ఉప్పు మైదానంలో అదే బండి మీద రికార్డు సాధించారు.

ఇంకో విశేషం. ఆ రికార్డు వేగాన్ని లెక్క కట్టడంలో అప్పట్లో పొరపాటు జరిగింది. ఆయన కుమారుడు దాన్ని గమనించాక, 2014లో సుమారు గంటకు 296 కిలోమీటర్లని సరిదిద్దారు. 47 ఏళ్ల నాటి తప్పును ఒప్పుకోవడం వల్ల ఎవరి గౌరవమూ తగ్గలేదు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అంటారు మన పెద్దలు. నిజమే. మా నాలుగు చెక్కలు అలాంటి అజాగ్రత్తే. మన్రో పిస్టన్లు వేరు. నాట్లు వేసేవాడికి అడుసు తొక్కక తప్పదు కదా! కానీ తప్పు ఏ రకమైనదైనా, కళ్ల ముందు ఉంచుకుంటేనే పాఠం అవుతుంది.

మన పిల్లల్లో రేపు ఎందరో వడ్రంగులు, ఎలక్ట్రీషియన్లు, నర్సులు, ఇంజనీర్లు అవుతారు. ఆ పనుల్లో తప్పు దాచడం తప్పు చేయడం కంటే ప్రమాదం. దాచే అలవాటు నేర్పుతున్నది మాత్రం మనమే. మార్కు తగ్గితే కసురుతాం. అందుకే 'ల' బదులు 'ళ' రాసిన పిల్ల కాగితం చిరిగేదాకా చెరుపుతుంది.

అందుకే మా మనవి. తెలుగు నోటు పుస్తకంలో చివరి పేజీని తప్పుల కోసం వదలండి. చెరపకుండా, పక్కనే సరైన మాట రాయించండి. అమ్మానాన్నలు కూడా తమ పొరపాట్లను భోజనాల దగ్గర పిల్లలకు చెప్పాలి.

మేమూ మొదలుపెట్టాం. ఆ పొట్టి చెక్కల్లో ఒకటి ఇప్పుడు మన తరగతి గది గోడ మీద ఉంది. దాని మీద పెద్ద అక్షరాలతో రాశాం: "పది కలపలేదు."