గొంతును ఏ భాషలో పరీక్షింపవలయును?

వాకాడు తీరమున అలల హోరును మించి కేక వేయలేనివానికి పడవపని సాగుట కష్టము. గొంతు పోయినదనగానే జలుబని తలతుము. కాని థైరాయిడ్ శస్త్రచికిత్సలో నరము దెబ్బతిన్నను, ఛాతీలో కణితి దానిని ఒత్తినను, ఒక స్వరతంత్రి చచ్చుపడును. రెండవది దానిని తాకలేక గాలి వృథాగా పోవును; మాట గుసగుసయగును.

1974లో జపాను వైద్యుడు ఇష్షికి దీనికొక శస్త్రచికిత్సను వివరించెను. గొంతుముడి మృదులాస్థిలో కిటికీవంటి రంధ్రము చేసి, ఆ తంత్రిని లోనికి నెట్టుదురు. అందులకు నేడు సిలికాను బిళ్ళ, టైటానియం రేకు, గోర్‌టెక్స్ పట్టీ వాడుకలో నున్నవి. మెడకు మాత్రమే మత్తునిచ్చి, రోగిని మాటాడించుచు, ఆ గొంతు విని బిళ్ళను సరిచేయుట పరిపాటి. మాకు మిక్కిలి నచ్చిన అంశమిదియే.

అయితే క్రొత్త బిళ్ళను పరీక్షించునపుడు, ఒక్క ఊపిరిలో 'ఆ' యని ఎన్ని సెకన్లు పలికెనో లెక్కించిన చాలునా? చాలదని మా అభిప్రాయము. తెలుగునందును ఉర్దూనందును మహాప్రాణములు కలవు. వానికి ఊపిరి ఎక్కువ కావలయును. సమ్మతిపత్రము రోగికి అర్థమగు భాషలో నుండవలెనని మన దేశపు నిబంధనలే చెప్పుచున్నవి. సమ్మతికి అక్కరయైన భాష ఫలితమును కొలుచుటకు ఏల వలదు? రోగిచే ఇంటిభాషలో చదివింపవలయును, బేరమాడింపవలయును. ఆరు నెలల పిమ్మట ఇంటివారిని సైతము అడుగవలయును, ఫోనులో ఆ గొంతును గుర్తుపట్టిరా యని.