దాతలు కలరు, సేవకులేరి?

ఆంధ్రదేశమున దానమునకు కొదువ లేదు. కార్తికమున వనభోజనములు, శ్రీరామనవమికి పందిళ్లు, వినాయక చవితికి వీథివీథిని అన్నసంతర్పణలు ఏటేట సాగుచునే యున్నవి. చలివేంద్రముపై పేరు చెక్కించుకొను దాతలు ప్రతి పట్టణమునను కలరు. అయినను ఆ పందిటికి నాలుగు వీథుల దూరమున మంచము పట్టిన వృద్ధుడు పస్తుండుట అరుదు కాదు. అన్నము లేక కాదు, ఆ యన్నమును అతని గడపకు గొనిపోవువారు లేక. ఈ లోపమును గూర్చియే నేడు మా పాఠకులకు విన్నవింపదలచితిమి.

2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలోని సింగునగరము మున్నగు పేటలను ముంచినపుడు ఈ లోపము లోకమునకు వెల్లడియైనది. జనులు ఉదారముగా పొట్లములు కట్టి పంపిరి. పడవలును, ట్రాక్టర్లును, తుదకు డ్రోనులును వినియోగింపబడినవి. అయినను తొలి దినములలో లోపలి సందులవారికి ఆహారము సకాలమున చేరలేదను మొర నలుదెసల వినబడినది. డ్రోను మేడపై పొట్లమును విడువగలదు. మేడ యెక్కలేని ముసలమ్మ చేతికి దాని నందీయజాలదు. ఏ సందున పసిబిడ్డలు కలరో, ఏ యింట మధుమేహరోగి సూదిమందునకై యెదురుచూచుచున్నాడో ఎరిగిన ఆ పేట యువకుడొక్కడు పది బండ్ల పులిహోరకంటె నెక్కువ మేలు చేయగలడు.

ఈ సత్యమును మన పెద్దలు ఎరుగనివారు కారు. గోదావరి లంకలలోని గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) పాయలు దాటి వచ్చు బాటసారులకు వేళయనక వండి వడ్డించిరి. ఆ కాలమున గాదెలు నిండిన గృహస్థులు కోనసీమలో అనేకులుండిరి. వారి పేళ్లు నేడు మనకు తెలియవు. గరిటె స్వయముగా చేత బట్టిన యా యిల్లాలి పేరు మాత్రము నిలిచినది. బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2024లో ఆమె పేరే పెట్టినది. ధాన్యము గాదెవారిది, పుణ్యము గరిటెవారిది యని మా తాత్పర్యము.

అయితే ఒక్కరి గుణము ఒక్కరి జీవితముతో ముగియును. సేవ నిలువవలెనన్న కట్టుబాటు వలయును. 1921లో చీరాల–పేరాల ప్రజలు పురపాలకసంఘపు పన్నులకు లొంగక ఇండ్లు విడిచి, రామనగరమున పాకలు వేసికొని నెలల తరబడి నిలిచినపుడు, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి రామదండు వారికి అండగా నుండెను. ఉత్సాహమునకు శిక్షణ తోడైన దండు అది. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచి వేలకొలది ప్రాణములు గొన్నపుడు, శవసంస్కారమువంటి దుస్సహమైన పనికి సైతము జీతము కోరక నడుము కట్టినవారు వచ్చిరి. ఆపద వచ్చినపుడు మనము వెనుదీయు జాతి కాము. ఆపద లేని దినమున మాత్రము మనము నిద్రించుచున్నాము. వరద ఏడాదికొకమారు, ఆకలి దినమునకు రెండుమార్లు.

పన్నులు కట్టుచున్నాము, ఇది ప్రభుత్వము పని కాదా యని కొందరందురు. నిజమే, ప్రభుత్వము తన విధిని తప్పరాదు. కాని పింఛను దరఖాస్తు వ్రాయనేరని వితంతువు, ఆధారు కార్డులోని తప్పు దిద్దించుకొన దారి తెలియని కూలివాడు, ఆసుపత్రి వరుసలో తోడు లేక నిలిచిన రోగి—వీరికి కావలసినది ధనము కాదు, ఒక గంట తోడు. పథకము కాగితముపై నుండును. దానిని గడప దాటించునది పొరుగువాడే. జీతగానిని నియమింపరాదా యని మరికొందరందురు. జీతగాడు పొట్లము మోయగలడు. నిన్న పెట్టిన పొట్లము నేడును విప్పకుండ గుమ్మమున నుండుట చూచి తలుపు తట్టవలెనను చింత జీతముతో రాదు.

కావున ప్రతి గ్రామమునను, ప్రతి పేటయందును ఒక చిన్న సేవాసంఘము నెలకొల్పవలెనని మా యభిప్రాయము. ఒంటరివారి, రోగుల, వికలాంగుల పట్టిక మొదట వ్రాయవలెను. ఏ దినమున ఎవరు ఎవరి యింటికి పోవలెనో వంతులు వేసికొనవలెను. వచ్చిన ప్రతి రూపాయికిని ఖర్చైన ప్రతి రూపాయికిని లెక్క వ్రాసి నెలనెల గోడకు అంటింపవలెను. లెక్క లేని ధర్మము కలహమునకు మూలము. కులము, మతము, పార్టీ యడుగరాదు. అన్నిటికంటె ముఖ్యముగా, పుచ్చుకొనువాని ఛాయాచిత్రము తీయరాదు. నేడు అరటిపండు ఇచ్చువారు నలుగురు, ఫోను పట్టువారు పదిమంది యైనారు. పేదవాని మానమునకు ఖరీదు కట్టి యిచ్చునది దానము కానేరదు.

భూవసతి గలవారు ధాన్యపు బస్తాతోబాటు నెలకొక పూట తమ ట్రాక్టరును, తమ కుమారుని గూడ పంపుదురు గాక. పింఛను పుచ్చుకొను ఉపాధ్యాయులు దరఖాస్తులు వ్రాసిపెట్టుదురు గాక. వకీళ్లును, వైద్యులును వారమున కొక గంట కేటాయింతురు గాక. మొదటి నెల నలువదిమంది వచ్చి మూడవ నెల నలుగురు మిగులుట మన సంఘముల చిరకాలవ్యాధి. ఆ నలుగురును నిలిచిన చాలును. ఎదురుచూడ జేసి రాకపోవుట అసలే పోకపోవుటకంటె క్రూరము గనుక, నిలుపుకొనగలిగిన మాటయే యిచ్చుట మేలు.

శిలాఫలకముపై పేరు వ్రాయించుకొనుటకు వేయి రూపాయలు చాలును. మన వీథిలోని ఒక నిస్సహాయుడు మన యడుగుల చప్పుడు గుర్తుపట్టుటకు మాత్రము మనము పలుమార్లు ఆ గడపకు పోవలసియున్నది. ఈ రెండవ కీర్తిని కోరువారు మన పురములందును, పల్లెలందును పెరుగుదురు గాక.