పోయినవాళ్ల రాజ్యం

కాలాపానీ దాటితే కులం పోయినట్టే, ఊరివాళ్ల లెక్కలో మనిషీ పోయినట్టే. 1858 మార్చిలో తొలి 200 మంది ఖైదీలు దిగింది మొదలు పోర్ట్‌బ్లెయిర్ (2024 నుంచి శ్రీవిజయపురం)లో బ్రిటిష్‌వారు నడిపింది అలా పోయినవాళ్ల రాజ్యాన్నే. అక్కడ ఖైదీలపై పెత్తనం కూడా ఖైదీలదే. జమాదార్, టిండాల్, పెట్టీ ఆఫీసర్ అంతా శిక్ష పడ్డవాళ్లే.

మళ్లీ మనిషి కావడానికి మెట్లున్నాయి. 1900ల తొలినాళ్ల పద్ధతిలో యావజ్జీవ ఖైదీకి ఆరు నెలలు సెల్యులార్ జైల్లో ఒంటరి కొట్టు, ఏడాదిన్నర మరో జైలు, మూడేళ్లు బయట గొడ్డుచాకిరీ, ఇంకో ఐదేళ్లు కాస్త తేలిక పని. పదేళ్లు నెగ్గుకొస్తే 'టికెట్' దక్కేది. ఇక సేద్యం చేసుకోవచ్చు, పశువులను పెంచుకోవచ్చు. ఆడఖైదీల జైలు నుంచి అధికారుల అనుమతితో పెళ్లికూతురినీ తెచ్చుకోవచ్చు. దయతోనేం కాదు, అడవి కొట్టి పంట పండించేవాళ్లు దొరలకు కావాలి.

పౌరహక్కులు మాత్రం సున్నా. దీవి దాటకూడదు, పని మానకూడదు. సత్ప్రవర్తన ఉంటే 20-25 ఏళ్లకు పూర్తి విడుదల. ఈ సంసారాల్లో కులాలు కలగలిసిపోయి 'లోకల్ బోర్న్' అనే కొత్త జనం పుట్టింది. ఆ పిల్లలు పుట్టుకతోనే స్వతంత్రులు. ఎత్తుకు తిప్పే తండ్రి మాత్రం ఇంకా ఖైదీయే.